కొత్త కంప్యూటర్‌లో విండోస్ యాక్టివేట్ కావడం లేదా? విశాఖలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

అక్కయ్యపాలెంలో మాది చిన్న రిపేరు షాపు. రెండు బల్లలు, ఒక బ్లోయరు, గోడకి వేలాడే చార్జర్లు. ఏడాదంతా పగిలిన స్క్రీన్లు, టీ ఒలికిన కీబోర్డులే ఎక్కువ వస్తాయి. కాలేజీలు తెరిచే రోజుల్లో మాత్రం వేరే గొడవ మొదలవుతుంది. లాప్‌టాప్ మూత మీద ప్లాస్టిక్ కాగితం కూడా ఇంకా తీసి ఉండరు, స్క్రీన్ కింద కుడి మూల 'యాక్టివేట్ విండోస్' అని మసక అక్షరాలు కనిపిస్తుంటాయి. "కొత్తదే కదా బాబూ, మరిదేటి?" అని అడుగుతారు. ఫోన్లో అదే జవాబు రోజుకి పదిసార్లు చెప్పలేక ఇక్కడ రాసిపెట్టాను.

ముందుగా ఒక్క మాట. మీ లైసెన్స్ ఎక్కడుందో తెలుసుకోకుండా కీలు (25 అక్షరాల లైసెన్స్ కోడ్లు) కొడుతూ కూర్చోకండి. అది మదర్‌బోర్డులో ఉండొచ్చు, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడిపడి ఉండొచ్చు, విడిగా కొన్న డబ్బాలో కార్డు మీద ఉండొచ్చు, కాలేజీదో ఆఫీసుదో అయి ఉండొచ్చు. అసలు లేకనూపోవచ్చు. మీది ఏ రకమో తేలితే సగం పని అయిపోయినట్టే.

యాక్టివేషన్ అంటే అసలేం జరుగుతుంది?

మీ కంప్యూటర్‌లోని భాగాల వివరాలతో, ముఖ్యంగా మదర్‌బోర్డుతో, విండోస్ ఒక గుర్తు తయారుచేసుకుంటుంది. ఆ గుర్తునీ మీ లైసెన్స్‌నీ మైక్రోసాఫ్ట్ సర్వర్ జత చేసి రాసుకుంటుంది. అందుకే హార్డ్‌డిస్క్ మార్చినా, ర్యామ్ పెంచినా సాధారణంగా ఏమీ కాదు, బోర్డు మారిస్తే మాత్రం అడుగుతుంది. ఒకసారి యాక్టివేట్ అయిన మెషీన్‌ని తర్వాత ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటి రకం) వేస్తే నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. మళ్లీ కీ అక్కర్లేదు. విండోస్ 10 వచ్చిన 2015 నుంచీ పద్ధతి ఇదే.

యాక్టివేట్ అయిందో లేదో ఎలా చూడాలి?

విండోస్ 11లో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో యాక్టివేషన్. విండోస్ 10లో అయితే సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, యాక్టివేషన్.

అక్కడ యాక్టివ్ అని ఉంది కదా అని వెంటనే నమ్మేయకండి. క్రాక్ (లైసెన్స్ లేకుండా దొంగతనంగా యాక్టివేట్ చేసే సాఫ్ట్‌వేర్) వేసిన మెషీన్ కూడా అదే చూపిస్తుంది. అసలు సంగతి తెలియాలంటే విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి, చిన్న రన్ పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎస్ఎల్ఎంజీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, ఎక్స్‌పీఆర్ అని కొట్టండి. రెండు మూడు సెకన్లకి ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. పర్మనెంట్‌గా యాక్టివేట్ అయింది అంటే చాలావరకు మంచిదే. అలా కాకుండా 'వాల్యూమ్ యాక్టివేషన్' అంటూ ఫలానా తేదీకి అయిపోతుందని చూపిస్తే, ఇంట్లో వాడుకోవడానికి కొన్న కొత్త లాప్‌టాప్‌కి ఆ మాట రాకూడదు. ఎవరో క్రాక్ ఎక్కించారన్నమాట. కొన్నింట్లో 2038 జనవరి అని కూడా కనిపిస్తుంది. చాలా దూరం ఉంది కదా అని సంతోషించకండి, అదీ క్రాకే.

ఎక్స్‌పీఆర్ బదులు డీఎల్ఐ అని కొడితే ఇంకొన్ని వివరాలు వస్తాయి. అందులో ఓఈఎం డీఎం అని ఉంటే లైసెన్స్ కంపెనీవాళ్లు బోర్డులో పెట్టి పంపినది. రిటైల్ అంటే విడిగా కొన్నదో, డిజిటల్ లైసెన్సో (పైన చెప్పినట్టు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో రాసి ఉండేది). వాల్యూమ్ అంటే సంస్థలది. కింద కీలోని చివరి 5 అక్షరాలు కూడా కనిపిస్తాయి. ప్రో ఎడిషన్లో అవి 3వీ66టీ అయితే కంగారు పడకండి. డిజిటల్ లైసెన్స్ ఉన్న ప్రో మెషీన్లన్నింట్లోనూ మామూలుగా కనిపించే కీ అదే.

యాక్టివేట్ చేయకపోతే కంప్యూటర్ ఆగిపోతుందా?

ఆగదు. మూల అక్షరాలు పోవు, వాల్‌పేపర్, రంగులు సెట్టింగ్స్‌లో మార్చుకోనివ్వదు, అప్పుడప్పుడూ గుర్తుచేస్తుంటుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. కాబట్టి రేపు పరీక్ష ఉందని ఈ రాత్రి టెన్షన్ పడి ఎవడో పంపిన యాక్టివేటర్ వేసుకోవద్దు. పరీక్ష రాసొచ్చాక చూసుకోవచ్చు.

లాప్‌టాప్ డబ్బా అంతా వెతికాను, కీ ఎక్కడా లేదు. మోసపోయానా?

లేదు. విండోస్ 7 రోజుల్లో లాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద 25 అక్షరాల కీ ఉండేది. చెయ్యి తగిలి తగిలి, చెమటకి అక్షరాలు చెరిగిపోయేవి, మేం టార్చి వేసి భూతద్దంలో చదివేవాళ్లం. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి పెద్ద కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డులోని బయోస్ చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. విండోస్ వేసేటప్పుడు అది తనే చదువుకుంటుంది. మీరు కీ చూడక్కర్లేదు, కొట్టక్కర్లేదు.

కీ ఉందో లేదో చూడటానికి మేం వాడే సులువైన గుర్తు ఒకటుంది. విండోస్ పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెట్టినప్పుడు, కీ కొట్టమని గానీ హోమా ప్రోనా అని గానీ అడక్కుండా నేరుగా ముందుకి వెళ్లిపోతే బోర్డులో కీ ఉన్నట్టే. రెండూ అడిగితే అనుమానించాలి. ఇక్కడ ఆపి బయటికి వచ్చేస్తే డిస్కులో ఉన్నవి ఏమీ పోవు.

డబ్బా మీద విండోస్ అని ఉంది. షాపులో 'ఫార్మాట్ కొట్టి అన్నీ వేసి' ఇచ్చారు. ఇప్పుడు యాక్టివేట్ కావట్లేదు. ఎందుకు?

మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. కొంచెం వివరంగా చెబుతాను.

మన దేశంలో అమ్మే మామూలు ఇంటి లాప్‌టాప్‌లలో చాలావాటికి 'హోమ్ సింగిల్ లాంగ్వేజ్' అనే ఎడిషన్ వస్తుంది. బోర్డులో ఉన్న కీ దానికే పనిచేస్తుంది. షాపు కుర్రాడి దగ్గర ప్రో ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటుంది, వచ్చిన ప్రతి మెషీన్‌కీ అదే గుచ్చుతాడు. ప్రో అంటే పెద్దది కదా, కస్టమర్ సంతోషిస్తాడని కూడా అనుకుంటాడు. మెషీన్‌లో ఉన్నది సింగిల్ లాంగ్వేజ్ కీ, పైన కూర్చున్నది ప్రో. రెండూ కలవవు. అప్పుడు వాడు క్రాక్ కొడతాడు, లేదా అలాగే వదిలేసి "నెట్ పెడితే అదే అయిపోద్ది సార్" అంటాడు.

పోయిన ఏడాది కూర్మన్నపాలెం నుంచి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. మనవరాలి ఇంజినీరింగ్ కోసం కొన్న లాప్‌టాప్, బిల్లు మడత పెట్టి ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టుకుని తెచ్చారు. ఆ బిల్లులో విండోస్ 11 హోమ్ అని స్పష్టంగా ఉంది. మెషీన్లో చూస్తే ప్రో, అదీ యాంటీవైరస్ ఆపేసి క్రాక్ వేసింది. అంటే ఆయన డబ్బు కట్టి కొన్న అసలు లైసెన్స్ బోర్డులో పడుకుని ఉంది, దాని మీద దొంగ విండోస్ నడుస్తోంది. "బియ్యం బస్తా ఇంట్లో పెట్టుకుని అడుక్కు తినడం కదయ్యా ఇది" అన్నారాయన.

దీనికి మందు ఒకటే. ఫైళ్లు బయట డిస్కులోకి కాపీ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సొంత సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్ తయారుచేసి, మొత్తం మళ్లీ వేయడం. అందులో హోమ్, సింగిల్ లాంగ్వేజ్, ప్రో అన్నీ ఉంటాయి, బోర్డులో ఉన్న కీని బట్టి సరైనది తనే ఎంచుకుంటుంది. వైఫై తగిలిన కాసేపటికి యాక్టివ్ అని వచ్చేస్తుంది. పెద్దాయన మెషీన్‌కి గంటన్నర పట్టింది, అందులో గంట ఫొటోలు కాపీ చేయడానికే.

పైనున్న ప్రోని అలాగే ఉంచి బోర్డులోని హోమ్ కీతో నడిపించలేరా అని అడుగుతారు. కుదరదు. హోమ్ నుంచి ప్రోకి ఫైళ్లు పోకుండా ఎక్కొచ్చు, దానికి ప్రో లైసెన్స్ కొనాలి. ప్రో నుంచి హోమ్‌కి దిగడానికి మాత్రం తిన్నని మెట్లు లేవు.

నా బిల్లులో 'డాస్' అని ఉంది. అంటే?

అంటే మీరు విండోస్‌కి డబ్బు కట్టలేదు. డాస్ లేదా ఫ్రీడాస్ అని ఉన్న మెషీన్లు, ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్) వేసి వచ్చేవి, అదే మోడల్ విండోస్ మెషీన్ కంటే తక్కువ ధరకి వస్తాయి. తేడా అదే. బోర్డులో కీ ఉండదు. షాపువాళ్లు "విండోస్ ఫ్రీగా వేసిస్తాం" అన్నారంటే అది ఏమిటో ఇప్పటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ ముందు రెండే దారులు: రిటైల్ లైసెన్స్ కొనుక్కోవడం, లేకపోతే లైనక్స్ వాడుకోవడం.

ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వైపు కొనడానికి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది, మోడల్ నంబరు చివర ఉండే ఒకటి రెండు అక్షరాలు కూడా చూడమని. ఒకే పేరుతో డాస్ మోడల్, విండోస్ మోడల్ పక్కపక్కనే ఉంటాయి. బిల్లు మీద ఓఎస్ (విండోసో డాసో) పేరు, ఎడిషన్ రాయించుకోండి. నోటిమాట తర్వాత ఎందుకూ పనికిరాదు.

కార్డు మీద ఉన్న కీ కొడుతుంటే తప్పు అంటోంది. సరిగ్గానే కొట్టాను.

25 అక్షరాలు, అయిదేసి చొప్పున 5 గుంపులు. తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది: ఈ కీలలో ఇంగ్లీషు అచ్చులు ఉండవు. సున్నా, 1, 5 కూడా ఉండవు. ఎల్, ఎస్, జెడ్ కూడా వాడరు. చదివేటప్పుడు తికమక పడకూడదనే అలా తీసేశారు. కాబట్టి మీరు సున్నా అనుకుంటున్నది బహుశా డీ గానీ క్యూ గానీ. ఎస్ అనుకున్నది 8. మీరు 5 అనుకుంటున్నదీ 6 అయ్యే అవకాశమే ఎక్కువ. బీకీ 8కీ మధ్య మాత్రం మోసపోతాం, రెండూ ఉంటాయి.

గీకే కార్డు అయితే నాణెంతో గట్టిగా గీకకండి. ఒకావిడ తాళంచెవితో గీకి మూడో గుంపు మొత్తం కాగితంతో సహా లేపేశారు. వేలిగోరుతో నెమ్మదిగా చాలు. గీకాక ముందు ఫొటో తీసుకుని, ఆ తర్వాత కొట్టండి.

ఎర్రర్ కోడ్ వస్తోంది. ఏ కోడ్‌కి ఏమిటి అర్థం?

కోడ్ పొడుగ్గా ఉంటుంది, సున్నా, ఎక్స్‌తో మొదలవుతుంది. ఫోన్‌లో మాకు చెప్పేటప్పుడు చివరి నాలుగు చెబితే చాలు.

చివర ఎఫ్213 అంటే ఈ మెషీన్‌కి లైసెన్స్ ఏదీ దొరకలేదని. బోర్డు మార్చినప్పుడు ఎక్కువ వస్తుంది. ఎఫ్211 కూడా దాని చుట్టమే, హార్డ్‌వేర్ మారిందంటోంది. 7001 అంటే కూడా సరైన లైసెన్స్ కనబడలేదనే.

సీ008 అంటే ఆ కీని అనుమతించినదానికంటే ఎక్కువ మెషీన్లలో వాడేశారు. చవక కీ కొన్నవాళ్లకి ఇదే దర్శనమిస్తుంది. సీ003 అంటే కీని మైక్రోసాఫ్ట్ ఆపేసి ఉండొచ్చు. ఎఫ్050 అంటే కీ తప్పు కొట్టారు, లేదా ఈ విండోస్‌కి సంబంధించినది కాదు. ఎఫ్210 అంటే ఎడిషన్ కలవలేదు, పైన చెప్పిన పెద్దాయన కథే.

ఎఫ్074, 232బీ అనేవి వేరే జాతి. సంస్థలో ఉండాల్సిన యాక్టివేషన్ సర్వర్ కోసం మెషీన్ వెతుకుతోంది, దొరకడం లేదు. ఇంటి లాప్‌టాప్‌లో ఇవి వచ్చాయంటే దాంట్లో సంస్థలకిచ్చే విండోస్ వేశారని అర్థం. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆఫీసు నెట్‌వర్క్‌కో వీపీఎన్‌కో కనెక్ట్ చేసి చూడండి, తర్వాత మీ ఐటీవాళ్ల పని.

2ఎఫ్8ఎఫ్ వస్తే కింది ప్రశ్న చదవండి.

కీ సరైనదే, ఎడిషన్ సరైనదే, అయినా కావట్లేదు.

గడియారం చూడండి. నవ్వకండి. కొత్త మెషీన్ పెట్టెలోంచి తీసినప్పుడు అమెరికా పసిఫిక్ టైమ్‌లో ఉండటం మామూలే. మన టైమ్ జోన్ ప్లస్ 5:30. తేదీ, సంవత్సరం కూడా సరిచూడండి. చాలాకాలం గోడౌన్లో పడున్న డెస్క్‌టాప్ అయితే బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీ, సీఆర్2032, ఖాళీ అయి ఆఫ్ చేసిన ప్రతిసారీ పాత తేదీకి వెళ్లిపోతుంది. కిరాణా షాపులో కూడా దొరికే బ్యాటరీ అది. తేదీ తేడాగా ఉంటే మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో సురక్షిత కనెక్షనే కుదరదు.

తర్వాత నెట్. హాస్టల్ వైఫైలో లాగిన్ పేజీ దాటకుండానే కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఒకసారి ప్రయత్నించండి. అదీ కాకపోతే రెండు మూడు గంటలు వదిలేసి మళ్లీ చూడండి, సర్వర్ రద్దీ వల్ల ఆలస్యమైనవి వాటంతట అవే అయిపోవడం చాలాసార్లు చూశాను.

మదర్‌బోర్డు మార్చాక యాక్టివేషన్ పోయింది. మళ్లీ కొనాలా?

వైజాగ్‌లో ఈ ప్రశ్న మిగతా ఊళ్లకంటే ఎక్కువ వస్తుందేమో. సముద్రం గాలి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు అపార్ట్‌మెంట్లలో కిటికీ పక్కన బల్ల మీద ఏళ్ల తరబడి ఉన్న మెషీన్ విప్పితే స్క్రూలు తుప్పు పట్టి, కనెక్టర్ కాళ్ల దగ్గర ఆకుపచ్చ పొడి పేరుకుని ఉంటుంది. రాగి చెంబు మీది చిలుములాగా. బ్రష్‌తో తుడిస్తే కొన్ని బతుకుతాయి, కొన్నింటికి బోర్డే మార్చాలి.

బోర్డు మారాక ఏం చేయాలన్నది మళ్లీ లైసెన్స్ రకాన్ని బట్టే. వారంటీలో కంపెనీ సర్వీస్ సెంటర్‌వాళ్లు మార్చారా? లైసెన్స్ మీదే, పాత బోర్డు పాడవడం వల్ల మార్చినది కాబట్టి హక్కు పోదు. కొత్త బోర్డులో విండోస్ కీ ఎక్కించారా అని మెషీన్ తీసుకునే ముందే అడగండి, అక్కడే ఆన్ చేసి యాక్టివేషన్ పేజీ చూడండి. ఇంటికొచ్చాక మళ్లీ తిరగాల్సి వస్తే ఒక పూట పని పాడు.

మీ మెషీన్ ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి లింక్ అయి ఉంటే యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి. 'ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను' అనే లింకు వస్తుంది, అదే అకౌంట్‌తో లాగిన్ అయితే మీ పాత మెషీన్ల పేర్లు కనిపిస్తాయి. మీది ఎంచుకోవాలి. 2016లో వచ్చిన ఈ సదుపాయం ఎక్కువగా విడిగా కొన్న లైసెన్స్‌లకే పనికొస్తుంది. ముందే లింక్ చేసి ఉంచుకోవాలి, బోర్డు పోయాక లింక్ చేద్దామంటే చేతిలో ఏమీ ఉండదు. ఇప్పుడు మీ మెషీన్ బాగానే ఉంటే, ఇది చదవడం ఆపి లింక్ చేసి రండి. రెండు నిమిషాల పని.

ఇక బయట సెకండ్ హ్యాండ్ బోర్డు వేయించుకున్నవాళ్ల సంగతి విచిత్రంగా ఉంటుంది. ఆ బోర్డు ఏ లాప్‌టాప్ లోంచి తీశారో దాని కీ కూడా వెంటే వస్తుంది. కొన్నిసార్లు విండోస్ యాక్టివేట్ కూడా అయిపోతుంది. కానీ ఆ లైసెన్స్ మీ మెషీన్‌తో వచ్చినది కాదు.

పాత కంప్యూటర్‌లోని లైసెన్స్ కొత్తదానికి మార్చుకోవచ్చా?

డబ్బాలోనో ఆన్‌లైన్‌లోనో విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే మార్చుకోవచ్చు, ఒకసారికి ఒక మెషీన్‌లోనే. పాతదాంట్లో ముందు తీసేయాలి: కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్, స్పేస్, స్లాష్, యూపీకే. తర్వాత కొత్తదాంట్లో కీ కొట్టండి. లాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ లాప్‌టాప్‌తోనే పుడుతుంది, దాంతోనే పోతుంది. పాతది పాతసామాన్ల షాపుకి వేసేశాం కదా, దాని లైసెన్స్ మిగిలింది కదా అంటే మిగల్లేదు.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే ప్రో కీ అమ్ముతున్నారు. కొన్నాను, పనిచేసింది కూడా. తప్పేంటి?

ఈరోజు పనిచేసింది, నిజమే. అవి చాలావరకు ఏదో సంస్థకి ఇచ్చిన వాల్యూమ్ కీలో, పాత మెషీన్ల నుంచి తీసినవో, ఒకే కీని వందమందికి అమ్మినవో. మైక్రోసాఫ్ట్ గమనించిన రోజున ఆపేస్తుంది, అమ్మినవాడు అప్పటికి పేరు మార్చుకుని ఇంకో చోట ఉంటాడు. కీ పనిచేయడం వేరు, లైసెన్స్ ఉండటం వేరు. దొంగ ఆర్‌సీతో కూడా బండి నడుస్తుంది కదా.

మా కస్టమర్ ఒకాయన మూడుసార్లు కొన్నారు, మూడుసార్లూ పోయింది. "అయినా ఒరిజినల్ కంటే చవకే" అని లెక్క చెప్పారు. ఆయనతో నేను వాదించలేదు.

యాక్టివేటర్ సాఫ్ట్‌వేర్ వాడితే ఏమవుతుంది? మా ఫ్రెండ్స్ అందరూ వాడతారు.

అది వేసేముందు యాంటీవైరస్ ఆపమంటుంది. అక్కడే ఆలోచించండి. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కి అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి, కాపలావాణ్ని కూడా బయటికి పంపేస్తున్నారు. అదే మెషీన్‌లో బ్యాంకు లాగిన్, ఆధార్ కాపీ, పిల్లల ఫొటోలు. అన్నింట్లోనూ వైరస్ ఉంటుందని నేననను. ఉన్నవి ఏవో మీకు తెలిసే దారి లేదు, నాకూ లేదు. మా షాపులో అవి వేయం. ఎదురుగా ఉన్న షాపులో వేస్తారు కదా అని అడగొద్దు.

కాలేజీలో వేసిచ్చిన విండోస్ ఇంటికొచ్చాక యాక్టివేషన్ పోయిందేం?

కాలేజీలు, యూనివర్సిటీలు, కంపెనీలు వాల్యూమ్ లైసెన్స్ తీసుకుంటాయి. క్యాంపస్ లోపల కేఎంఎస్ అనే ఒక సర్వర్ ఉంటుంది, మెషీన్లు దాని దగ్గర హాజరు వేసుకుంటాయి. ఒకసారి వేసుకుంటే 180 రోజులు చెల్లుతుంది, వారానికోసారి మళ్లీ పలకరించి ఆ 180 రోజుల లెక్కని కొత్తగా మొదలుపెట్టుకుంటుంది. కోర్సు అయిపోయి మీరు క్యాంపస్ వదిలి వచ్చేస్తే పలకరింపు ఆగుతుంది, సుమారు ఆరు నెలలకి యాక్టివేషన్ పోతుంది. పాడవలేదు, గడువు తీరింది. కొన్నప్పుడు బోర్డులో హోమ్ కీ వచ్చి ఉంటే దానికి తిరిగి వెళ్లిపోండి.

లాప్‌టాప్‌తో ఆఫీస్ కూడా ఇచ్చామన్నారు. అది కూడా కీ అడుగుతోంది.

విండోస్ వేరు, ఆఫీస్ వేరు. కొత్త మెషీన్‌తో వచ్చిన ఆఫీస్‌ని వర్డ్ గానీ ఎక్సెల్ గానీ తెరిచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ చేసి తీసుకోవాలి. దానికి గడువు ఉంటుంది, తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే పోతుంది. ఏ అకౌంట్‌తో తీసుకుంటే దానికే శాశ్వతంగా అంటుకుంటుంది, అందుకని షాపు కుర్రాడి ఈమెయిల్‌తో ఎప్పుడూ చేయనివ్వకండి. ఇది చిన్న విషయం కాదు, దాని కోసం తర్వాత ఆ కుర్రాడి చుట్టూ తిరిగినవాళ్లు ఉన్నారు. అడిగేది నెల రోజుల ట్రయల్‌కి కార్డు వివరాలైతే మాత్రం అది వేరే సరుకు, మీకు రావాల్సిన ఆఫీస్ కాదు.

నా దగ్గర విండోస్ 7 కీ ఉంది. కొత్త మెషీన్‌లో విండోస్ 11కి పనికొస్తుందా?

రాదు. ఉచిత అప్‌గ్రేడ్ పథకం అధికారికంగా 2016 జూలై 29నే అయిపోయింది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత కీలు పనిచేశాయి గానీ 2023 సెప్టెంబర్‌లో ఆ తలుపు కూడా మూసేశారు. విండోస్ 10 లైసెన్స్ అయితే అదే మెషీన్‌లో 11కి చెల్లుతుంది, మెషీన్‌కి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) లాంటి అర్హతలుంటే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. యాక్టివేషన్ మాత్రం దానివల్ల పోదు.

'మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ లైసెన్స్ అయిపోయింది' అని ఫోన్ వచ్చింది.

పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఫోన్ చేయదు. స్క్రీన్ షేర్ యాప్ వేయించుకుని వాళ్లు లోపలికి వచ్చేసి ఉంటే, నెట్ తీసేయండి, బ్యాంకుకి చెప్పండి, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మా దగ్గరికి ఆ తర్వాత రండి.

విండోస్‌కి డబ్బు తీసుకుని దొంగది వేశారు. షాపువాళ్లు ఒప్పుకోవట్లేదు.

ముందు గొడవ వద్దు. బిల్లు, డబ్బా మీది మోడల్ నంబరు, యాక్టివేషన్ పేజీ, ఎక్స్‌పీఆర్ కిటికీ, అన్నీ ఫొటోలు తీసుకోండి. మళ్లీ ఫార్మాట్ కొట్టించకముందే తీయాలి, తర్వాత సాక్ష్యం ఉండదు. వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి, నోటితో కాదు. చాలామంది ఈ మెసేజ్‌కే దిగొస్తారు.

దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు వేయొచ్చు, కాబట్టి హైదరాబాద్‌లో కొన్నా విశాఖలో వేసుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. జీఎస్టీ లేకుండా ఇస్తే తగ్గుతుందని చిట్టీ కాగితం మీద కొన్నవాళ్లు మాత్రం ఇక్కడే ఇరుక్కుంటారు.

లైనక్స్‌కి, మ్యాక్‌కి ఈ బాధలు ఉండవా?

ఉబుంటు, మింట్ లాంటివాటికి యాక్టివేషన్ అన్న మాటే లేదు. బ్రౌజర్, డాక్యుమెంట్లు, సినిమాలు, కోడింగ్ చూసుకునేవాళ్లకి బాగా సరిపోతాయి. తెలుగు టైపింగ్ కూడా బాగుంటుంది. ట్యాలీ, కొన్ని ప్రింటర్లు, కొన్ని పరీక్షల సాఫ్ట్‌వేర్ ఉంటే ఇబ్బంది. మ్యాక్‌కి కీ ఉండదు. కానీ సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేటప్పుడు పాత ఓనరు అకౌంట్ తాళం తీయించుకోకపోతే అది ఇనుప పలక.

షాపుకి తెచ్చేటప్పుడు ఏమేం తీసుకురావాలి?

మెషీన్, చార్జర్, బిల్లు, ఉంటే కీ కార్డు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి, ఓటీపీ వచ్చే ఫోన్ కూడా తెచ్చుకోండి. ఫోన్ మనవడి దగ్గర, మనవడు బెంగళూరులో అంటే ఆ పూట పని కాదు. బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడిగే అవకాశం ఉంది, అది అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఫైళ్లకి కాపీ ఉంటే మాకు సగం భారం తగ్గుతుంది. ఆదివారం మూసేస్తాం.